చింతకాయ తొక్కుతో చేపల పులుసు
(రైతు శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వరిలో నాటు దూరమో, నత్రజని మోతాదో చెప్పవలసిన సస్యశాస్త్రం వాడు ఈరోజు చేపల పులుసు గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉన్నది. ఈ వంటలో పడే సరుకంతా మన నేలమీదిదే. చింతచెట్టు గట్టుమీదిది, ఉల్లి, మిరప, వంగ పెరటివి, చేప చెరువుది. చెరువులో మనం వేసిన ఎరువు ఎంత, ఎప్పుడు వేశామన్నది చివరకు అన్నపు ముద్దలో రుచిగానో, వాసనగానో తేలుతుంది. పొలం దగ్గర ఆరంభమైన సంగతి పొయ్యి దగ్గర ముగియటం సహజమే గదా! కనుక పొయ్యి దాకా వెళ్ళి చూడటంలో తప్పులేదు.

మరొక కారణం కూడా చెప్పవలెను. మంచినీటి చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉన్నది. కొల్లేరు చుట్టుపక్కల చెరువులలో పెరిగిన బొచ్చె, శీలావతి మంచుముక్కల మధ్య పెట్టెలలో సర్దుకొని లారీలలో బెంగాలుకు, అస్సాముకు పోతున్నాయి. అక్కడివారు వాటిని ఇష్టంగా తింటారు. చెరువు గట్టుమీద ఉన్నవారిని అడిగితే మాత్రం, "చెరువు చేపకు మట్టివాసన అండీ, మేము సముద్రం చేపే కొనుక్కుంటాము" అంటారు. తన చెరువులో చేపను అమ్మి, మూడునాళ్ళ కిందట పట్టిన చేపను బజారులో కొని తెచ్చుకొనే రైతులు ఉన్నారు. ఆ మట్టివాసన సంగతేమిటో ముందుగా చూద్దాము.

తొలకరి చినుకులు పడగానే ఎండిన దుక్కినుంచి ఒక వాసన లేస్తుంది. రైతుబిడ్డకు ఆ వాసన అంటే ప్రాణం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నోజులో ఆ వాసనను అత్తరుగా కూడా తీస్తారు. అది మట్టికి సహజంగా ఉన్న వాసన కాదు. నేలలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థం వల్ల వచ్చే వాసన. 1965లో శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి 'జియోస్మిన్' అని పేరు పెట్టారు. భూమి వాసన అని ఆ గ్రీకు మాటకు అర్థం. చెరువు నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచులోని కొన్ని జాతులు కూడా ఇదే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది నీటిలోనుంచి మొప్పలగుండా చేప ఒంటిలోకి పోయి కొవ్వులో నిలుస్తుంది. కనుకనే పొట్టభాగంలో, చర్మం కింద, పక్కనుండే ముదురురంగు కండలో ఆ వాసన ఎక్కువ. దుక్కిలో మనకు ఇష్టమైన వాసనే కంచంలో అయిష్టమైనదన్నమాట. దీనిని పట్టటంలో మనిషి ముక్కు మహా చురుకైనది. లక్ష కోట్ల పాళ్ళ నీటిలో ఏ పది పాళ్ళు ఉన్నా చాలు, పసిగట్టుతుంది.

ఈ వాసన వల్ల ఆరోగ్యానికి చెరుపు లేదు. రుచికి మాత్రమే చెరుపు. దీనికి విరుగుడు పులుపు. ఆమ్లం తగిలితే జియోస్మిన్ విరిగి వాసనలేని మరొక పదార్థంగా మారిపోతుంది. మన పెద్దలకు ఈ రసాయనశాస్త్రం తెలియదు గాని, చెరువు చేపను చింతపండులోనో, మామిడికాయలోనో, ఊరవేసిన చింతకాయలోనో వండవలెనని తెలుసు. ఈ తెలివి మనకొక్కరికే సొంతం కాదు. ఉత్తర వియత్నాంలో బంగారుతీగ చేపను, ఉప్పునీటిలో ఊరి పులిసిన ఆవకూరతో కలిపి సన్నని సెగమీద మగ్గబెట్టుతారు. చైనాలోని సిచువాన్ ప్రాంతంవారు గడ్డిచేపను, కొర్రమీను జాతి చేపను అదే విధమైన ఊరిన ఆవకూరతో వండుతారు. ఆ చేపలు మన చెరువులలోనూ ఉన్నాయి. అక్కడా బురదనీరే, ఇక్కడా బురదనీరే. ఊరవేసిన పులుపుతో చేపను కలపవలెనన్న ఆలోచన రెండుచోట్లా పుట్టినది.

అయితే వంటలో పులుపు చేసేది రెండవపని. మొదటిపని చెరువులోనే జరగవలెను. పేడ, కోళ్ళ ఎరువు విచ్చలవిడిగా వేసిన చెరువులో నీరు చిక్కని ఆకుపచ్చగా మారుతుంది. ఎండాకాలంలో, గాలి లేని రోజులలో, నీటిమీద పెయింటు పూసినట్లు తెట్టు కట్టిందంటే ఆ వారంలో పట్టిన చేపకు మట్టివాసన తప్పదు. ఇంటికి కావలసిన చేపను అటువంటప్పుడు పట్టకండి. ఎరువు ఆపి, కొత్తనీరు పెట్టి, నీటిరంగు తేలికపడిన తరువాత పట్టండి. కొందరు పట్టుబడికి ముందు మైలుతుత్తం వేసి నాచును చంపుతారు. దానివల్ల ఈ విషయంలో మేలు లేదు, కీడే ఉన్నది. చచ్చిన నాచు తనలో దాచుకొన్న వాసననంతా ఒక్కసారిగా నీటిలోకి వదులుతుంది. పైగా అది కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలే తేలిపోవచ్చు. బతికిఉన్న చేపను మేత పెట్టకుండా మంచినీటిలో కొన్నాళ్ళు ఉంచితే వాసన దానంతట అదే తగ్గుతుంది. కొర్రమీను గాలి పీల్చగల చేప గనుక తొట్టిలో నీరు మార్చుతూ నాలుగైదు రోజులు ఉంచటం తేలిక. తొట్టిమీద బరువైన మూత మాత్రం మరువకూడదు. లేకపోతే తెల్లవారేసరికి చేప వాకిట్లో ఉంటుంది, పిల్లి దాని పక్కన ఉంటుంది.

ఇక రెండవ వాసన గురించి చెప్పవలెను. ఈ ప్రసంగంలో మీరు ఇంటికి తీసికొని పోవలసిన మాట ఇదే.

చచ్చిన చేప పాతబడేకొద్దీ దానిలో సూక్ష్మజీవులు పెరిగి కంపుకొట్టే పదార్థాలను తయారుచేస్తాయి. సముద్రపు చేపలో ట్రైమిథైల్ అమీన్ అనేది వీటిలో ముఖ్యమైనది. నీచువాసన అనేది చాలావరకు దీనివల్లనే. ఇది క్షార స్వభావం కలది. పులుపు తగలగానే లవణంగా మారి గాలిలోకి లేవటం మానుతుంది. మన ముక్కుకు వాసన తెలియదు. చేప బాగుపడిందని అనుకొంటాము. కాని చేప ఉన్నచోటనే ఉన్నది. వాసన పోయినది గాని, పాతదనం పోలేదు. మట్టివాసన విషయంలో పులుపు మనకు స్నేహితుడు. కుళ్ళువాసన విషయంలో అదే పులుపు దొంగకు తోడుపోయినట్లు చేస్తుంది.

కానాగంతలు, తూర చేపల వంటివాటిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎండలో కొన్ని గంటలు ఉంచితే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకొంటుంది. తిన్న కొద్దిసేపటికే మొహం ఎర్రబారటం, దురద, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. దీనిని మరిగించినా, వేయించినా, ఉప్పులో ఊరవేసినా, చింతకాయ పులుసులో వేసినా పోదు. చాలామంది దీనిని "చేప పడలేదు" అని సరిపెట్టుకొంటారు. పడనిది చేప కాదు, ఎండలో గడచిన కాలం.

కాబట్టి చేపను పులుపు తగలకముందే పరీక్షించవలెను. కొన్నచోటనే మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉండవలెను, గోధుమరంగుకు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి నిగనిగలాడవలెను. లోపలికి పోయి పాలపొర కమ్మితే వద్దు. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడవలెను. పొట్ట పగిలిన చేప ఎంత చవకైనా తేకూడదు. బజారు దూరమైతే ఒక సంచిలో మంచు వేయించుకొనండి. కిలో చేపకు కిలో మంచు అని గుర్తు. ఈ ఖర్చు చూసి వెనుకాడేవారు, ఆ మరునాడు డాక్టరుకు పెట్టే ఖర్చు కూడా లెక్కలో వేసికొనవలెను. ఇంటికి వచ్చాక చింతపండు రసంతోనో, మజ్జిగతోనో కడిగేముందు ఒక్కసారి వాసన చూడండి. కడిగిన తరువాత చూసే వాసనకు విలువ లేదు.

చేప కోసేటప్పుడు చేదుతిత్తి చితకకుండా తీసి పారవేయటం మీకు తెలిసిన సంగతే. చేదు అంటుతుందని మాత్రమే జాగ్రత్తపడతారు. కొన్ని ఊళ్ళలో ఆ తిత్తిని మందని మింగే అలవాటు ఉన్నది. శీలావతి, గడ్డిచేప మొదలైన చేపల చేదుతిత్తి మింగినవారికి మూత్రపిండాలు పనిచేయటం మానివేసి ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. ఉడికించినా ఆ విషం పోదు. చెప్పేవాడు ఎంత పెద్దవాడైనా దానిని నోట పెట్టవద్దు. పొట్టలోపలి నల్లని పొరను, వెన్నెముక వెంట గడ్డకట్టిన నెత్తుటిని వేలితో గీకి తీసివేయవలెను. తలనుంచి మొప్పలు పూర్తిగా పెరికివేయవలెను. రాళ్ళ ఉప్పు, పసుపు వేసి రుద్ది రెండు నీళ్ళు పోసి కడిగితే జిగురు పోతుంది. జెల్లవంటి పొలుసులేని చేపలను బూడిదతో రుద్ది బండమీద తోమే పద్ధతి చాలా మంచిది.

ఇక చింతకాయ తొక్కు. కోస్తాలో నిలవ చింతకాయ అంటారు, తెలంగాణలో తొక్కు అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. చెట్టుమీద కాయ ఏ దశలో ఉన్నప్పుడు కోస్తామన్నదే దీనిలో కీలకం. మార్గశిర, పుష్య మాసాలలో కాయ కండపట్టి, గోటితో గీరితే పైపొర కింద పచ్చగా ఉండి, లోపల గింజ ఇంకా ముదరకుండా ఉన్నప్పుడు కోయవలెను. మరీ లేత వామనకాయలో కండ ఉండదు. దోరకాయలో గింజ గట్టిపడి, పెంకు విడిపోతూ ఉంటుంది. దంచటం కష్టం, రంగు కూడా నల్లబారుతుంది. చెట్టెక్కి కోయాలి గాని గడతో కొట్టి రాల్చితే కాయ పగిలి మట్టి అంటుతుంది.

కాయలను కడిగి, గుడ్డతో తుడిచి, నీడన తడి ఆరేవరకు ఉంచవలెను. కిలో కాయకు 200 గ్రాముల రాళ్ళ ఉప్పు, ఒక పెద్ద చెంచాడు పసుపు వేసి రోటిలో కచ్చాపచ్చాగా దంచి జాడీలో పెట్టవలెను. మూడవనాటికి ఉప్పు కండలోనికి దిగి ఊట వస్తుంది. అప్పుడు తీసి గింజలు, ఈనెలు, పీచు ఏరివేసి, మళ్ళీ మెత్తగా దంచి జాడీకి ఎత్తవలెను. మెంతిపొడి, మిరపకాయ కలిపి పచ్చడిగా చేసికొనేది విడిగా చేసికొనండి. చేపల పులుసుకు ఉప్పు, పసుపు మాత్రమే కలిసిన ఉత్త తొక్కు ఉండవలెను. ఇంగువ, మెంతి ఎక్కువైన పచ్చడిని చేపలో వేస్తే చేప రుచి దానికింద పడి నలిగిపోతుంది.

వియత్నాం ఆవకూరకూ మన తొక్కుకూ ఒక భేదం ఉన్నది. అక్కడ ఉప్పు తక్కువ వేసి, నీటిలో ముంచి, సూక్ష్మజీవులచేత పులియబెట్టుతారు. కూరలో లేని పులుపును ఆ జీవులు లాక్టిక్ ఆమ్లం రూపంలో పుట్టిస్తాయి. మన చింతకాయలో టార్టారిక్ ఆమ్లం చెట్టుమీదనే తయారై ఉన్నది. మనం చేసేది దానిని చెడకుండా నిలపటం మాత్రమే. అందుకనే మన జాడీలో ఉప్పు ఎక్కువ పడుతుంది. "డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారు" అని జాడీలో ఉప్పు తగ్గించేవారు ఉన్నారు. అట్లా చేయకూడదు, బూజు పడుతుంది. తగ్గించవలసినది కుండలో, జాడీలో కాదు. ఆ లెక్క ఇప్పుడు చూడండి.

కిలో కాయకు 200 గ్రాముల ఉప్పు అంటే తయారైన తొక్కులో సుమారు ఆరవవంతు ఉప్పే. ఒక కిలో చేపకు 100 గ్రాముల తొక్కు పడుతుంది. అనగా మీరు చేయి పెట్టకముందే పులుసులో 16, 17 గ్రాముల ఉప్పు చేరినది. ఆరుగురు తింటే మనిషికి సుమారు 3 గ్రాములు. రోజంతటికీ కలిపి మనిషికి 5 గ్రాముల ఉప్పుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కనుక ఈ పులుసులో ఉప్పు డబ్బా తెరవనే కూడదు. ముక్కలకు పట్టించిన ఉప్పును కూడా కడిగివేయవలెను. ఇంట్లో రక్తపోటు ఉన్నవారు ఉంటే తొక్కు సగం వేసి, మిగిలిన పులుపుకు పచ్చి మామిడికాయో, కొత్త చింతపండు రసమో పోయండి. ఆ పూట కంచంలో ఆవకాయ, అప్పడం వద్దు. ఈ మాట చెప్పటం తేలిక, ఆచరించటం కష్టమని నాకు తెలుసు. మా ఇంట్లో మా నాన్నగారి కంచం దగ్గరే ఈ తగువు రోజూ నడుస్తూ ఉంటుంది.

వంటకు మట్టి దాక శ్రేష్ఠం. వెడల్పుగా ఉండి, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా పరచటానికి వీలుంటుంది. సెగ ఆరిన తరువాత కూడా వేడి నిలుస్తుంది. స్టీలు గిన్నె కూడా ఫరవాలేదు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పనికిరావు. పులుపు లోహాన్ని తిని చిలుము దింపుతుంది. అల్యూమినియం గిన్నెలో కూడా ఈ పులుసు వండి నిలవ ఉంచకూడదు.

ఆరుగురు ఉన్న కుటుంబానికి కిలో చేప చాలు. తొక్కును అరలీటరు వేడినీటిలో పావుగంట నానబెట్టి, పిసికి, వడగట్టి ఉంచుకొనండి. దాకలో మూడు నాలుగు పెద్ద చెంచాల నువ్వుల నూనె గాని, వేరుసెనగ నూనె గాని కాగనిచ్చి, పావుకిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, నాలుగు పచ్చిమిరపకాయలు చీల్చి, కరివేపాకు వేసి నిదానంగా వేపండి. ఉల్లి బంగారురంగుకు వచ్చేవరకు తొందరపడవద్దు. పులుసుకు చిక్కదనం, పులుపుకు ఎదురు నిలిచే తియ్యదనం ఈ ఉల్లిలోనుంచే వస్తాయి. తరువాత అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, పసుపు, రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి వేసి ఒక్క నిమిషం తిప్పండి.

బెండకాయలు, వంకాయలు వేసే అలవాటు ఉన్నవారు ఈ దశలోనే వేసి, నూనెలో ముప్పాతికవంతు మగ్గిన తరువాతనే తొక్కు నీళ్ళు పోయవలెను. పులుపులో కాయకూర త్వరగా ఉడకదు. పప్పు ఉడకకముందు చింతపండు వేస్తే పప్పు గట్టిగా నిలిచిపోవటం చూస్తున్నారు గదా, ఇదీ అంతే. బెండకాయను ముందుగా వేపితే జిగురు కూడా తెగుతుంది.

తొక్కు నీళ్ళు, మరొక పావులీటరు మంచినీరు పోసి పది నిమిషాలు తెర్లనివ్వండి. పచ్చివాసన పోయి, అంచుల దగ్గర నూనె తేలినప్పుడు చేపముక్కలు ఒక్కొక్కటిగా పేర్చండి. చల్లటి పులుసులో చేప వేసి పొయ్యిమీద పెట్టకూడదు. మరుగుతున్న పులుపులో పడిన ముక్కకు పైపొర వెంటనే బిగుసుకొని, ముక్క విడిపోకుండా నిలుస్తుంది. గరిటె అక్కడితో పక్కన పెట్టవలసిందే. దాకను గుడ్డతో రెండువైపులా పట్టుకొని మెల్లగా తిప్పితే పులుసు ముక్కలమీదికి ఎక్కుతుంది. సన్నని సెగమీద పది పన్నెండు నిమిషాలు చాలు. ముక్క మందంగా ఉంటే మరో రెండు మూడు నిమిషాలు. దింపేముందు చిటికెడు మెంతిపొడి, కొత్తిమీర. ఉప్పు చూడండి, సరిపోయే ఉంటుంది.

వెంటనే వడ్డించకండి. ఒక గంట, వీలైతే రెండు గంటలు ఆ దాకలోనే ఊరనివ్వండి. ఉడికేటప్పుడు చేప రసం బయటికి వస్తుంది గాని, పులుసు రుచి లోపలికి దిగటానికి వ్యవధి కావలెను. పొలంనుంచి మగవారు, ఆడవారు వచ్చేసరికి సరిగ్గా అదను కుదురుతుంది. అన్నంలోకేగాక రాగిసంకటిలోకి, జొన్నరొట్టెలోకి కూడా ఇది చక్కగా నప్పుతుంది.

వడ్డన గురించి రెండు మాటలు. కిలో చేపలో తల, తోక పోను ఎనిమిది తొమ్మిది నడిమి ముక్కలు వస్తాయి. మన ఇళ్ళలో జరిగే పద్ధతి మీకు తెలియనిది కాదు. మగవారికి రెండేసి, పిల్లలకు ఒక్కొక్కటి, అత్తగారికి ఒకటి. వండిన ఇల్లాలు చివర కూర్చునేసరికి దాకలో తోకముక్క, పులుసు మిగులుతాయి. ఆమె కూడా ఉదయంనుంచి కలుపు తీసి వచ్చిన మనిషే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 నుంచి 49 ఏండ్ల వయసు స్త్రీలలో సగంమందికి మించి రక్తహీనత ఉన్నట్లు తేలినది. బియ్యంలో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టటం కష్టం. అదే ముద్దలో చేప కండ కలిస్తే ఆ ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టుతుంది. పులుపు కూడా దానికి తోడ్పడుతుంది. ఈ మేలు ఎవరికి అన్నిటికన్నా అవసరమో ఆమె కంచంలోనే చేప లేకపోతే మనం చేప పెంచి ఏమి ప్రయోజనం? పొయ్యిమీదనుంచి దింపగానే ముక్కలు లెక్కపెట్టి, ఆమె ముక్క ముందుగా ఒక గిన్నెలో తీసి మూతపెట్టండి. ఈ మాట ముందు వరుసలో ఉన్న మీసాల పెద్దలకు చెబుతున్నాను. వెనుక వరుసవారు ఆ ముక్కను తామంతట తాము తీసి దాచుకోరు.

పిల్లలకు పొట్టముక్క పెట్టండి. శీలావతి, బొచ్చెలలో వీపువైపున, తోకవైపున కండలో సన్నని చీలుముళ్ళు ఉంటాయి. పొట్టముక్కలో పెద్ద పక్కముళ్ళే గనుక ఏరటం తేలిక. మట్టివాసన పొట్టలోనే ఎక్కువని ఇందాక చెప్పాను. అందుచేత పిల్లలున్న ఇంట చెరువునీటి సంగతి మరింత శ్రద్ధగా చూచుకొనవలెను. కొర్రమీనులో ముళ్ళు తక్కువ, పసివాళ్ళకు అది మంచిది. ముల్లు గొంతులో గుచ్చుకొంటే అన్నపుముద్ద మింగించి దించటానికి చూడవద్దు, ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది. డాక్టరు దగ్గరకు తీసికొని వెళ్ళండి.

మిగిలిన పులుసు మరునాడు మరింత బాగుంటుందన్నది నిజమే. రాత్రి పడుకొనేముందు ఒకసారి తెర్లించి, చల్లారిన తరువాత ఫ్రిజ్ ఉన్నవారు దానిలో పెట్టవలెను. చలికాలంలో ఫ్రిజ్ లేనివారు ఉదయం మళ్ళీ తెర్లించి ఆ పూటకు ముగించవలెను. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ఎండలలో ఫ్రిజ్ లేకపోతే మరునాటికి దాచవద్దు. పక్కింటికి ఒక గిన్నె పంపండి.

ఇందాక ఒకరు ఎండు నెత్తళ్ళను కూడా తొక్కులో వండవచ్చునా అని అడిగారు. వండవచ్చు. చిన్నచేపను ముల్లుతోసహా తింటాము గనుక ఎముకకు కావలసిన సున్నం కూడా వస్తుంది. కాని ఎండుచేపలో ఉప్పు, తొక్కులో ఉప్పు, రెండూ కలిస్తే నోటపెట్టలేము. నెత్తళ్ళను పొడిపెనంమీద వేపి, తలలు గిల్లి, వేడినీటిలో పది నిమిషాలు నానవేసి ఆ నీరు పారబోయండి. మళ్ళీ ఒకసారి అట్లాగే చేయండి. అప్పుడు పావుకిలో నెత్తళ్ళకు 50 గ్రాముల తొక్కు, నాలుగు వంకాయలు వేసి, నీళ్ళు కాస్త ఎక్కువ పోసి వండండి. చేప తక్కువ, వంకాయ ఎక్కువ ఉంటేనే దానికి రుచి.